సముద్రాన్ని లెక్కలోకి తీసుకోని ప్రణాళిక: అండమాన్ ప్యాకేజీపై మా సమీక్ష

ఈ సంక్రాంతి సెలవుల్లో మేము నలుగురం, అంటే నేను, మావారు, పన్నెండేళ్ల మా అబ్బాయి, అరవై తొమ్మిదేళ్ల మా అత్తయ్యగారు, ఆరు రాత్రులు అండమాన్‌లో గడిపి విశాఖపట్నం తిరిగి వచ్చాము. విమాన టికెట్లు మేమే కొనుక్కున్నాము. హోటళ్లు, ఫెర్రీ టికెట్లు, కార్లు, ఉదయపు ఫలహారం, ఒకసారి స్నార్కెలింగ్ (ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగు చూడడం) కలిపి ఒక ట్రావెల్ సంస్థకు 1,18,000 రూపాయలు చెల్లించాము. ఇది ఆ ప్యాకేజీ గురించిన సమీక్ష. వారు ఇచ్చిన గదులకు, పంపిన మనుషులకు పేరు పెట్టడానికి లేదు. కానీ వారు మొదట పంపిన కార్యక్రమం మాత్రం చుట్టూ సముద్రం ఉన్న చోటికి వెళ్లేవారి కోసం రాసినట్లు లేదు. దానిని మేము సగానికి పైగా మార్పించాము, మార్పించని చోటే ఇబ్బంది పడ్డాము.

ముందుగా నెల సంగతి చెప్పాలి. సంస్థవారు మాకు నవంబరు చివరి వారం చూపించి, అప్పుడు రద్దీ తక్కువ, ధర కూడా తక్కువ అన్నారు. ధర తక్కువన్నది నిజమే. కానీ ఈశాన్య రుతుపవనాలు అండమాన్‌ను నవంబరులోనూ తడుపుతూనే ఉంటాయి, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం డిసెంబరు నెలలోకి కూడా సాగుతుంది. 2016 డిసెంబరు మొదటి వారంలో వచ్చిన వాయుగుండానికి ఫెర్రీలు ఆగిపోయి, హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే, నౌకాదళం ఓడలు పంపి వారిని తీసుకురావలసి వచ్చింది. తుఫాను కబుర్లు వింటూ పెరిగిన విశాఖవాళ్లం కనుక ఆ సంగతి మాకు గుర్తుంది. జనవరి రెండో వారం నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు బాగా తగ్గుతాయి, సముద్రం నెమ్మదిస్తుంది, నీటి అడుగు తేటగా కనిపిస్తుంది. మేము వెళ్లిన ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం పది నిమిషాల జల్లు తప్ప వాన లేదు. ఉదయం పూట 23, 24 డిగ్రీలు, మధ్యాహ్నం 29 డిగ్రీల దాకా ఉండేది. చలికాలపు సెలవు అనగానే స్వెట్టర్లు సర్దుకునే అలవాటు ఉన్నవారు అక్కడికి నూలు బట్టలు తీసుకువెళితే చాలు.

సంస్థవారు మొదట పంపిన కార్యక్రమంలో మొదటి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్, తరువాత ఒక రాత్రి నీల్, చివరి మూడు రాత్రులు హావ్‌లాక్ ఉన్నాయి. చివరి రోజు ఉదయం హావ్‌లాక్ నుంచి ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరి, మధ్యాహ్నం విమానం ఎక్కాలి. అంటే ఆ ఒక్క ఫెర్రీ ఏ కారణంగా ఆగినా, రెండు గంటలు ఆలస్యమైనా, నలుగురి విమాన టికెట్లూ పోతాయి. జనవరిలో సముద్రం మంచిదే అయినా, గాలి పెరిగితే ఫెర్రీని ఆపే అధికారం రేవువారిది. దానికి ట్రావెల్ సంస్థ పూచీ పడదు, విమానం కంపెనీ అంతకంటే పడదు. ఈ మాట అడిగినప్పుడు ఫోనులో మాట్లాడిన అమ్మాయి, "మేడమ్, అందరూ ఇలాగే వెళ్తారండి, ఏమీ కాదు" అని మర్యాదగానే చెప్పింది. కానీ నలుగురి టికెట్ల డబ్బును ఆ మాట మీద వదిలేయలేము కదా. విమానం దిగిన రోజే నేరుగా హావ్‌లాక్ వెళ్లి, అక్కడ మూడు రాత్రులు, తరువాత నీల్‌లో ఒక రాత్రి, చివరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా మేమే తిరగరాసి పంపాము. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు, అదనంగా డబ్బు అడగలేదు. ఇది వారి మంచితనంగానే రాస్తున్నాను. అండమాన్‌కు ఏ ప్యాకేజీ కొన్నా, చివరి రాత్రి తప్పనిసరిగా విమానాశ్రయం ఉన్న దీవిలోనే గడిచేలా చూసుకోమని మాత్రం గట్టిగా చెబుతాను.

పేర్ల విషయంలో ఒక చిన్న గందరగోళం ఉంటుంది. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. టికెట్ల మీద, రేవు బోర్డుల మీద కొత్త పేర్లు, మనుషుల నోట పాత పేర్లు. మా కాగితాల్లో రెండు రకాలూ కలిసి ఉండడం వల్ల అత్తయ్యగారు ఒకే దీవిని రెండు దీవులుగా అనుకున్నారు. సంస్థవారు ఒక పక్కన పాత పేరు, మరో పక్కన కొత్త పేరు రాసి ఉంటే సరిపోయేది. ఇక్కడ నేను వాడుకలో ఉన్న పేర్లే రాస్తున్నాను.

మాకు ఇచ్చినది ప్రైవేటు ఫెర్రీ. పోర్ట్ బ్లెయిర్‌లోని హ్యాడో రేవు నుంచి హావ్‌లాక్‌కు గంటన్నర పట్టింది. ఏసీ హాలు, బస్సులో ఉన్నట్లు వరస సీట్లు, సామాను ముందే తీసుకుని ట్యాగు కట్టే పద్ధతి, అన్నీ సక్రమంగా జరిగాయి. ప్రయాణం పొడవునా కిటికీ అద్దాలు బిగించే ఉంటాయి, పైకి వెళ్లనివ్వరు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఎక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. మా అబ్బాయికి వేయడం మరచిపోయాము, వాడు సగం దారి తల వాల్చుకునే ఉన్నాడు. ప్రభుత్వ ఫెర్రీలు కూడా ఉన్నాయి, వాటికి ఎక్కువ సమయం పడుతుంది, టికెట్ చాలా చవక, పైన డెక్ మీద నిలబడి సముద్రం చూడవచ్చు. అయితే వాటిలో దీవుల్లో ఉండేవారికే మొదటి ప్రాధాన్యం, అలా ఉండడమే న్యాయం కూడా. ఆసుపత్రికీ కాలేజీకీ వెళ్లేవారి సీటులో సెలవుకు వచ్చినవారు కూర్చోకూడదు.

హావ్‌లాక్‌లోని మా బస గురించి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. విజయనగర్ ఊరి వైపు, కొబ్బరి తోటలో వేసిన కుటీరాలు, వాకిట్లో నుంచి నలభై అడుగులు నడిస్తే ఇసుక. ఇక్కడి ఊళ్ల పేర్లు గోవింద్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణా నగర్, రాధానగర్. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలు అడవి నరికి ఏర్పరచుకున్న ఊళ్లు ఇవి. వంటవాళ్లూ, ఆటోవాళ్లూ, బోటువాళ్లూ చాలావరకు ఆ కుటుంబాలవారే. అన్నం, పప్పు, చేప పులుసు ఏ పూటైనా దొరుకుతాయి కనుక మన పెద్దవాళ్లకు తిండికి ఇబ్బంది లేదు.

రాధానగర్ బీచ్‌కు కార్యక్రమంలో సాయంత్రం ఐదు గంటలకు వెళ్లాలని రాశారు. ఇది రెండో పొరపాటు. అండమాన్ మనకంటే ఎంతో తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో అక్కడ సాయంత్రం ఐదుంపావు దాటేసరికి సూర్యుడు మునిగిపోతాడు, ఆరింటికి చిమ్మచీకటి. విశాఖ లెక్కన ఐదు గంటలకు బయలుదేరితే అక్కడ చూడడానికి ఏమీ మిగలదు. డ్రైవరు ఈ సంగతి తనే చెప్పి మమ్మల్ని మూడింటికే తీసుకువెళ్లాడు. మహా వృక్షాల నీడలోంచి నడిచి బయటికి రాగానే, కిలోమీటర్ల పొడవునా తెల్లటి మెత్తని ఇసుక, అల వెనక్కి వెళ్లేటప్పుడు ఇసుక మీద అద్దంలా మిగిలే పల్చని నీటి పొర, అందులో ఆకాశం. 2004లో టైమ్ పత్రిక ఈ బీచ్‌ను ఆసియాలోకెల్లా మేలైనదిగా ఎంచిందని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆర్కే బీచ్ పక్కనే పుట్టి పెరిగినదానిని, నాకు మన సముద్రం మీద ప్రేమ తక్కువేమీ కాదు. అయినా మోకాలి లోతు నీళ్లలో నిలబడి నా పాదాల గోళ్లు స్పష్టంగా చూసుకోవడం నాకు అదే మొదటిసారి. అక్కడ కాపలాదారులు ఉన్నారు, ఈత కొట్టే చోటుకు హద్దులు కట్టారు. ఉప్పునీటి మొసళ్ల గురించిన హెచ్చరిక బోర్డులను చూసి భయపడి వెనక్కి రానక్కరలేదు, కానీ కాపలాదారు ఈల వేసినప్పుడు వెంటనే బయటికి రావాలి.

మరునాడు ఉదయం ఎలిఫెంట్ బీచ్. హావ్‌లాక్ రేవు నుంచి స్పీడ్ బోటులో వెళ్లాలి. అడవి దారిన నడిచీ వెళ్లవచ్చు కానీ అత్తయ్యగారితో అది కుదరదు. ఒడ్డున మహా వృక్షాలు వేళ్లతో సహా ఒరిగి, ఎండకు తెల్లబడి పడి ఉన్నాయి, 2004 సునామీ నాటివి అని చెప్పారు. ప్యాకేజీలో కలిపిన స్నార్కెలింగ్ అంటే, ఒక గైడు మనను గాలి ట్యూబుకు పట్టుకోమని, మెల్లగా లాగుతూ పగడపు దిబ్బల మీదుగా ఒక చుట్టు తిప్పి తీసుకురావడం. పావుగంట కంటే ఎక్కువ ఉండదు. ఈత రానివారికి ఇదే భద్రం. మా అబ్బాయి మొదట మాస్కు పెట్టుకోగానే ముక్కుతో గాలి పీల్చబోయి రెండుసార్లు లేచి నిలబడ్డాడు. గైడు వాడి భుజం మీద చెయ్యి వేసి, నోటితో లెక్కపెడుతూ ఊపిరి తీసుకోమని ఒడ్డునే పది నిమిషాలు నేర్పించాడు, మిగతావాళ్లు వేచి ఉన్నా తొందరపెట్టలేదు. తరువాత వాడు తల ముంచి, నోట్లోని గొట్టంలోంచే ఏదో అరుస్తూ వేలితో చూపించాడు. నీలిరంగు పెదవులున్న పెద్ద ఆల్చిప్ప ఒకటి మా నీడ పడగానే నెమ్మదిగా మూసుకుంది. పగడాలు అన్నీ రంగురంగులుగా ఉంటాయనుకుని వెళితే నిరాశ కలుగుతుంది. 2010లోనూ 2016లోనూ సముద్రపు నీరు వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయాయి. ఇప్పటికీ బూడిదరంగు శిథిలాల మధ్య అక్కడక్కడ ఊదా, పసుపు రంగుల్లో కొత్త కొమ్మలు కనిపిస్తాయి. వాటి మీద కాలు పెట్టి నిలబడవద్దని గైడు పదేపదే చెప్పాడు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కను మా వాడు జేబులో వేసుకోబోతే అక్కడే పెట్టించేశాడు. గవ్వలూ పగడాలూ ఏరుకుని తీసుకువెళ్లడం నేరం, విమానాశ్రయంలో సామాను వెతికి తీసేస్తారు. ఈ మాట సంస్థవారు పంపిన సూచనల్లో ఎక్కడా లేదు, ఉండి తీరాలి.

స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం, మావారు ఒక్కరే చేశారు, దానికి విడిగా డబ్బు. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. హావ్‌లాక్‌ను మొదట పెట్టుకోవడం వల్ల మాకు ఆ బెంగ లేకపోయింది; సంస్థవారి పాత కార్యక్రమం ప్రకారం అయితే చివరి రోజుల్లో డైవింగ్, ఆ వెంటనే విమానం వచ్చి ఉండేవి.

నీల్ దీవిలో మాకు ఎక్కువ కోపం వచ్చింది, ఎక్కువ ఆనందమూ అక్కడే కలిగింది. ఈ చిన్న దీవిలో ఊళ్లకు రామాయణం పేర్లు: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్ నగర్. అండమాన్‌లోని ఇతర దీవులకు ఇక్కడి నుంచి కూరగాయలు వెళతాయి. దారి పొడవునా వంగ, బీర, అరటి తోటలు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటి ఉంది, దానిని చూడడానికే చాలామంది నీల్ వస్తారు. అక్కడికి ఆటు సమయంలోనే, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. సంస్థవారి కాగితంలో భోజనం తరువాత ఒంటిగంటకు అని రాసి ఉంది, స్థానిక డ్రైవరు కూడా ఆ కాగితాన్నే పాటించాడు. మేము చేరేసరికి పోటు మీద ఉంది సముద్రం. నడవవలసిన రాళ్లన్నీ నడుం లోతు నీటిలో ఉన్నాయి, వంతెన దూరం నుంచి సగం కనిపిస్తోంది. ఎండలో అత్తయ్యగారిని అంత దూరం నడిపించి తెచ్చినందుకు నాకు చాలా బాధ కలిగింది. ఆటుపోట్ల సమయాలు ఏడాదికి సరిపడా ముందే అచ్చు వేసి ఉంటాయి, ఫోనులో చూస్తే క్షణంలో తెలుస్తాయి. అవి రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున జరుగుతూ ఉంటాయి కనుక, అందరికీ ఒకే కాగితం అచ్చువేసి ఇస్తే ఒకరికి కుదురుతుంది, మరొకరికి కుదరదు. భీమిలిలో వల వేసే పిల్లవాడికైనా తెలిసే ఈ విషయం, దీవుల యాత్రలే వృత్తిగా పెట్టుకున్నవారికి తెలియకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

మా అదృష్టం కొద్దీ మరునాడు ఉదయం ఏడుంపావుకు ఆటు, మా ఫెర్రీ పదిన్నరకు. బసలోని కుర్రవాడిని అడిగి ఆటో మాట్లాడుకుని ఆరున్నరకే వెళ్లాము. అత్తయ్యగారు మెట్ల దగ్గరే చెట్టు కింద కూర్చున్నారు, పదునైన ఆ రాళ్ల మీద పెద్దవాళ్లను నడిపించకూడదు. ముందు రోజు మునిగి ఉన్న చోటంతా ఇప్పుడు తడి రాతి పలక, అందులో చిన్న చిన్న నీటి గుంటలు. ఒక గుంటలో సముద్రపు దోసకాయ అనే నల్లటి జీవి, మరో గుంటలో అంగుళం పొడవు లేని చారల చేప, తిరిగి నీరు వచ్చేదాకా ఆ దోసెడు నీళ్లలోనే అటూ ఇటూ తిరుగుతోంది. మా వాడు దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. వంతెన కింద నిలబడినప్పుడు మేము తప్ప ఇంకెవరూ లేరు.

ముందు రోజు రాత్రి పండుగ. బసలో వంట చేసే బెంగాలీ అమ్మ, పౌష సంక్రాంతికి ఇంట్లో చేసుకున్న పాటిసాప్టాలు ఒక పళ్లెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. పల్చని పిండి అట్టులో కొబ్బరీ బెల్లమూ పెట్టి చాప చుట్టినట్లు చుట్టారు. మా అత్తయ్యగారు ఇంటి నుంచి తెచ్చిన అరిసెలు నాలుగు ఆమె పళ్లెంలో పెట్టి తిరిగి పంపారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బియ్యాన్ని ఎంతసేపు నానబెట్టాలో చేతులతోనే చెప్పుకున్నారు. ఇది ఏ ప్యాకేజీలోనూ ఉండదు కనుక సమీక్షలో దీనికి చోటు లేదని తెలిసినా, రాయకుండా ఉండలేకపోయాను.

పోర్ట్ బ్లెయిర్‌లో సంస్థవారు బారాటాంగ్ యాత్ర కూడా పెట్టారు. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూడవచ్చు. కానీ అక్కడికి వెళ్లే రోడ్డు జారవా అనే ఆదిమ తెగవారి రక్షిత అరణ్యం గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నిటినీ వరసగా నిలబెట్టి, పోలీసుల కాపలాతో వదులుతారు. దారిలో ఆగడం, ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషేధం. ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే నిబంధనలు ఉన్నాయి. జారవాలు కొన్ని వందల మంది మాత్రమే, 1999లో వారిలో తట్టు వ్యాపించి అనేకులు జబ్బుపడ్డారు. సంస్థవారి కాగితంలో ఈ యాత్ర పక్కన "ఆదివాసులను చూసే అవకాశం" అని రాసి ఉండడం చూసి నాకు మనసు చివుక్కుమంది. మనుషులను చూపించడాన్ని ఒక ఆకర్షణగా అమ్మకూడదు. మేము ఆ రోజును వదులుకున్నాము, ఆ మాటను కాగితంలోంచి తీసివేయమని సంస్థకు రాశాము.

ఆ మిగిలిన రోజును సెల్యులార్ జైలుకు, రాస్ దీవికి ఇచ్చాము. పోర్ట్ బ్లెయిర్‌లో మాకు దొరికిన డ్రైవరు తెలుగువాడు. "మా తాతగారిది సోంపేట దగ్గరండి, నేను పుట్టింది ఇక్కడే" అన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు పదముగ్గురు తెలుగు మాతృభాషగా ఉన్నవారే, అందులో చాలా కుటుంబాలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవి. అత్తయ్యగారిని పెద్దమ్మా అని పిలుస్తూ, ఆమె మోకాళ్ల నొప్పి చూసి, జైలు ద్వారం దాకా కారు తీసుకువెళ్లి దింపాడు. 1896 నుంచి 1906 వరకు కట్టిన ఆ జైలుకు నడుమ ఒక గోపురం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు కొట్టాలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక కొట్టం ముందు భాగం మరో కొట్టం వీపును చూసేలా కట్టారు, ఒక ఖైదీకి మరో ఖైదీ ముఖం కనిపించకూడదని. రంప తిరుగుబాటులో పాల్గొన్నవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లోనే ఉన్నారు. గైడు ఎవరెవరి పేర్లో చెప్పాడు కానీ వీరి మాట ఎత్తలేదు. మావారే ఒక గదిలో నిలబడి మా వాడికి చెప్పారు. గది వెనుక గోడకు చాలా ఎత్తున చిన్న కిటికీ ఉంది, సముద్రం అంత దగ్గరలో ఉన్నా అందులోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. తెలుగు యాత్రికులను తీసుకువెళ్లే సంస్థలు తెలుగు తెలిసిన గైడును ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు, ఆ ఊళ్లో తెలుగు చదివినవారు ఎందరో ఉన్నారు.

ఇతర విషయాలు క్లుప్తంగా చెబుతాను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు వచ్చాక ఫోను, ఇంటర్నెట్ బాగానే పనిచేస్తున్నాయి, అయినా నీల్‌లో కొబ్బరిబొండాలవారికీ ఆటోవారికీ మేము నోట్లే ఇవ్వవలసి వచ్చింది. ఒడ్డున సాయంత్రం వేళ ఇసుక ఈగలు కుడతాయి, కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే తగ్గుతుంది. పోర్ట్ బ్లెయిర్ హోటల్ గది చిన్నది, మిగతా అన్ని విధాలా శుభ్రం. విశాఖ రేవు నుంచి ఇంచుమించు నెలకొకసారి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రభుత్వ ఓడ వెళుతుంది, రెండు రోజులకు పైగా ప్రయాణం. మా అత్తయ్యగారు ఈసారి అలా వెళదామంటున్నారు.

బారాటాంగ్ కారు ఖర్చు 6,500 రూపాయలు వెనక్కి ఇస్తామని సంస్థవారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, మేము తిరిగి వచ్చిన పదకొండో రోజున ఆ డబ్బు ఖాతాలో పడింది. రాతి వంతెన విషయంలో క్షమాపణ చెప్పి, ఇకమీదట ప్రయాణం తేదీని బట్టి ఆటు సమయం చూసి కార్యక్రమం వేస్తామన్నారు. ఆదివాసుల గురించిన వాక్యం మాత్రం నిన్న చూసినప్పుడు కూడా వారి కాగితంలో అలాగే ఉంది. అది తీసివేసిన రోజున ఈ సమీక్షలో ఒక నక్షత్రం పెంచుతాను. అప్పటిదాకా ఐదుకు మూడు.